కంటికి సైటు వచ్చాక పిస్టల్‌కు ఏ సైటు? నైట్ సైట్ల ఎంపిక, మొదటి నుంచి చివరి దాకా

మన తెలుగులో ‘సైటు’ అనే మాట చాలా బరువు మోస్తుంది. ఊరి చివర కొన్నదీ సైటే, నలభై దాటాక కంటికి వచ్చేదీ సైటే, గురి చూడటానికి పిస్టల్ మీద ఉండేదీ సైటే. ఈ వ్యాసం చివరి రెండింటి మధ్య తగవు గురించి.

‘చూపు సరిగా ఆనడం లేదు, ఏ నైట్ సైట్లు కొనమంటారు?’ అని అడిగేవారు ఎక్కువయ్యారు. నైట్ సైట్లంటే చీకట్లో వెలిగే సైట్లు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ కంటికీ ముందు సైటుకూ (గొట్టం కొన దగ్గర ఉండేది) మధ్య ఎన్ని అంగుళాలు? ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. అందుకే మొదలు అక్కడే.

ఇది అమెరికాలో చట్టబద్ధంగా పిస్టల్ ఉన్నవారి కోసం రాసింది. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఇబ్బంది లేదు, రాష్ట్రం నియమాలు వేరుగా చూసుకోవాలి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా చేతిలో ఉన్నట్టే లెక్క. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ వకీలును అడగండి, స్నేహితుణ్ని కాదు.

1. ముందు టేపు తీయండి

పిస్టల్ ఖాళీ చేయండి. మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసి, స్లైడ్ (పిస్టల్ పైన కదిలే భాగం) వెనక్కి లాగి, చాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) కంటితో చూడండి, వేలితో తడమండి. తూటాలు పక్క గదిలో పెట్టి తలుపు వేయండి. ఈ వ్యాసంలో ఇంట్లో చేయమన్న ప్రతి పనికీ ముందు ఇది మళ్లీ చేయాలి.

వెనక ఎవరూ ఉండని గట్టి గోడ వైపు, ట్రిగ్గర్ మీద వేలు లేకుండా, మీరు రేంజ్‌లో నిలబడే తీరులోనే నిలబడండి. ఇంట్లో ఒకరిని పక్క నుంచి, గొట్టం ముందుకు రాకుండా, కంటి నుంచి ముందు సైటు వరకు కొలవమనండి. చాలామందికి 24 నుంచి 30 అంగుళాల మధ్య వస్తుంది. మూడుసార్లు కొలిచి, సగటు కాగితం మీద రాయండి.

అదే కాగితం మీద ఇంకో సంగతి రాయాలి: మీరు గురి చూసే కన్ను ఏది? రెండు అరచేతులతో చిన్న కిటికీ చేసి, గోడ మీది గడియారాన్ని అందులోంచి చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కిటికీలోనే ఉంటుందో అది మీ ప్రధాన కన్ను.

2. కళ్ల డాక్టరు దగ్గరకు, పిస్టల్ లేకుండా

ఆసుపత్రికి పిస్టల్ తీసుకువెళ్లకండి. నల్లటి అట్టముక్కను ముందు సైటు వెడల్పుకు కత్తిరించి ఒక స్కేలు చివర అంటించి తీసుకువెళ్లండి. రాసుకున్న దూరంలో దాన్ని పట్టుకుని, ‘ఇది స్పష్టంగా కనిపించాలి, అదే సమయంలో గోడ మీది బొమ్మ గుర్తుపట్టేంతగా ఉండాలి’ అని చెప్పండి. డాక్టరుకు అంతకన్నా వివరం అక్కరలేదు.

లెక్క తెలిసి ఉంటే మాట్లాడటం తేలిక. 28 అంగుళాలంటే దాదాపు 71 సెంటీమీటర్లు. దూరపు చూపు సరిచేశాక, చత్వారం పూర్తిగా వచ్చిన కంటికి అంత దూరంలోని వస్తువు స్పష్టంగా కనిపించాలంటే దాదాపు ప్లస్ 1.40 కావాలి. కానీ అంతా ఇస్తే లక్ష్యం మంచులో మునిగిపోతుంది. సగం, అంటే ప్లస్ 0.75 దగ్గర మొదలుపెడితే, ముందు సైటు దాదాపు స్పష్టంగా, లక్ష్యం కొంచెం మసకగా ఉంటుంది. అక్కడి నుంచి పావు పావు పెంచి చూడమనండి.

ఇక ఎవరి కన్ను ఎలాంటిదో దాన్ని బట్టి:

*చత్వారం ఒక్కటే ఉంటే:* గురి చూసే కంటికి పైన చెప్పిన పవర్‌తో ఒకే పవర్ కళ్లజోడు. రెండో కంటికి దూరపు చూపు ఉంచుకునేవారూ ఉన్నారు. కొందరికి అది అలవాటవుతుంది, కొందరికి తలనొప్పి తెస్తుంది. ట్రయల్ ఫ్రేముతో పావుగంట కూర్చుని తేల్చుకోండి.

*మైనస్ ఉంటే:* మైనస్ 1.50 దగ్గర ఉన్నవారికి జోడు తీసేస్తే ముందు సైటు హాయిగా కనిపిస్తుంది, లక్ష్యం మాత్రం పోతుంది. కాబట్టి తీసేయడం కాదు, మైనస్ కొంచెం తగ్గించిన జోడు చేయించుకోవాలి.

*ప్రోగ్రెసివ్ అద్దాలు (పైన దూరానికి, కింద దగ్గరకు పవర్ మారేవి) వాడుతుంటే:* మా బావగారి సంగతి చెప్పాలి. ఆయన ప్రతి గుండుకూ గడ్డం పైకెత్తేవారు, కోడి నీళ్లు తాగినట్టు. అద్దం కింది భాగంలోంచి ముందు సైటు వెతికి, మళ్లీ గడ్డం దించి లక్ష్యం చూసి, మళ్లీ ఎత్తి. ఈలోగా చేతులు అలసిపోయి గుండు ఎక్కడికో పోయేది. ఆయన అప్పటికే రెండు జతల సైట్లు మార్చారు. తప్పు సైట్లది కాదు. ఒకే పవర్ జోడు వేసుకున్న రోజు నుంచి మెడ కదలలేదు.

*ఆస్టిగ్మాటిజం (కంటి ముందు పొర వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం) ఉంటే:* వెలిగే చుక్కలకు తోకలు వస్తాయి. సిలిండర్ పవర్ పూర్తిగా సరిచేసిన జోడే కావాలి. మందుల షాపులో దొరికే చదువుకునే అద్దాలతో ఈ పని కాదు.

*శుక్లం ఉంటే:* సైట్లు ఇప్పుడు కొనకండి. ఆపరేషన్ తర్వాత కంటి లెక్క మొత్తం మారిపోతుంది. దూరానికి అమర్చిన లెన్సు వేస్తే ముందు సైటు మసకగానే ఉంటుంది. లెన్సు ఎంచుకునే ముందే సర్జన్‌కు మీ కొలత చెప్పండి.

అద్దం ఏదైనా, దెబ్బ తట్టుకునే జెడ్87.1 ప్రమాణం గుర్తు ఉన్నదై ఉండాలి. వెనక్కి ఎగిరే ఖాళీ తూటా తొడుగుకు మీ పవర్ ఎంతో తెలియదు.

3. పగలు బాగానే ఉంటుంది, సాయంత్రం ఎందుకు ఉండదు?

ఎండలో కంటిపాప చిన్నదవుతుంది. చిన్న రంధ్రంలోంచి చూసినట్టుగా మసక తగ్గుతుంది. చీకటి పడేకొద్దీ పాప పెద్దదవుతుంది, దాచుకున్న లోపాలన్నీ బయటపడతాయి. అందుకే మధ్యాహ్నం ఆరుబయట రేంజ్‌లో ‘ఈ సైట్లు బాగున్నాయి’ అని తీర్పు ఇవ్వకూడదు.

మీకు ఏ వెలుతురులో ఇబ్బందో ముందు తేల్చుకోండి. ఎందుకంటే వెలిగే సరుకు మూడు రకాలు, మూడూ మూడు వేళలకు పనికొస్తాయి.

ట్రిటియం: చిన్న గాజు గొట్టంలో రేడియోధార్మిక హైడ్రోజన్ వాయువు, లోపలి గోడకు వెలిగే పూత. బ్యాటరీ వద్దు, వెలుతురు పట్టనక్కరలేదు, రాత్రంతా వెలుగుతుంది. పగటిపూట ఆ వెలుగు కనిపించదు. సుమారు 12.3 ఏళ్లకు ట్రిటియం సగమవుతుంది, అంటే పాతికేళ్లకు పావు వంతే మిగులుతుంది. పెట్టె మీద తయారీ తేదీ చూసి కొనండి. తగ్గింపు ధరకు వచ్చే పాత సరుకులో మీరు కొనేది కరిగిపోయిన వెలుగే.

ఫైబర్ ఆప్టిక్: చుట్టూ ఉన్న వెలుతురును పోగు చేసి కొనలో చూపిస్తుంది. పగలు దీన్ని మించినది లేదు. చీకట్లో సున్నా.

వెలిగే రంగు: ముందు సైటు చుట్టూ ఉండే నారింజ లేదా పసుపుపచ్చ వలయం. పగలు రంగుగా నిలుస్తుంది. వెలుతురు పట్టించాక కొంతసేపు మెరుస్తుంది, తర్వాత చల్లారుతుంది.

చూపు తక్కువైనవారికి నా ఓటు మధ్యలో ట్రిటియం, చుట్టూ వెడల్పు రంగు వలయం ఉన్న ముందు సైటుకే. ట్రిజికాన్ హెచ్‌డి, అమెరిగ్లో ప్రో-గ్లో, నైట్ ఫిజన్ ఈ తరహావి. ట్రిటియం, ఫైబర్ రెండూ కలిసినవి ట్రూగ్లోలో దొరుకుతాయి.

4. ముందు సైటు: వెడల్పు, రంగు

వెడల్పు ఎక్కువైతే త్వరగా దొరుకుతుంది, కానీ లక్ష్యాన్ని అంత ఎక్కువగా కప్పేస్తుంది. ట్రిజికాన్ హెచ్‌డి ముందు సైటు 0.144 అంగుళం, అదే కంపెనీ హెచ్‌డి ఎక్స్ఆర్ 0.122 అంగుళం. కంటికి 27 అంగుళాల దూరంలో పట్టుకుంటే, 25 గజాల దగ్గర మొదటిది దాదాపు 4.8 అంగుళాలు, రెండోది దాదాపు 4.1 అంగుళాలు కప్పుతుంది. 7 గజాల దగ్గర తేడా లెక్కలోకి రాదు.

ఇంటి రక్షణకే అయితే వెడల్పుది తీసుకోండి. 25 గజాల కాగితం మీద గుండ్లన్నీ ఒకచోట పడాలనే పట్టుదల ఉంటే సన్నది. ఎక్స్ఎస్ బిగ్ డాట్ వంటి పెద్ద గోళం చూపు బాగా తగ్గినవారికి దగ్గరలో వరం. దూరం పెరిగితే ఆ గోళంలో ఎక్కడ గురి అన్నది అలవాటు చేసుకోవాలి.

ట్రిటియం రంగు ఆకుపచ్చే తీసుకోండి. మసక వెలుతురులో మన కన్ను ఆకుపచ్చ వైపే ఎక్కువ స్పందిస్తుంది, ఎరుపు, నారింజ ట్రిటియం వెలవెలబోతుంది. పగటి వలయానికి మాత్రం నారింజ నాకు ఇష్టం. ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియని కళ్లవారు పసుపు వలయం తీసుకోవాలి.

5. వెనక సైటు ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత మేలు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మూడూ ఒకే రంగు, ఒకే కాంతి ఉన్న చుక్కలు ప్రకటనలో ముచ్చటగా ఉంటాయి. ఒకసారి కిటికీలు మూసి, ఖాళీ పిస్టల్‌తో జోడు లేకుండా చూశాను. మూడు ఆకుపచ్చ చుక్కలు వరుసగా, చక్కగా ఉన్నాయి. దీపం వేసి చూస్తే ముందు సైటు మధ్యలో లేదు, రెండు వెనక చుక్కలకు ఎడమ పక్కన ఉంది. ఆ వరుసను నమ్మి ఉంటే గుండు గదికి ఇంకో మూలకు పోయేది.

కాబట్టి వెనక సైటు పూర్తిగా నల్లగా, గీతలు కోసినదిగా ఉండాలి. లేదా చుక్కలు ముందుదాని కన్నా తక్కువ వెలుగుతో, వేరే రంగులో ఉండాలి. గాడి వెడల్పుగా, యూ ఆకారంలో ఉంటే ముందు సైటుకు రెండు పక్కలా వెలుతురు గీతలు కనిపిస్తాయి. మసక చూపుకు ఆ గీతలే ఆధారం. గీతలు మూసుకుపోతున్నాయి అంటే గాడి ఇరుకని అర్థం.

6. కొనే ముందు నెయిల్ పాలిష్ పరీక్ష

సైట్ల జతకు వంద డాలర్లు, అంతకు పైన. నెయిల్ పాలిష్ సీసాకు రెండు మూడు డాలర్లు. ఇప్పుడున్న సైట్ల మీదే ప్రయోగం చేయండి.

- ముందు సైటును స్పిరిట్‌తో తుడిచి, తెల్ల పాలిష్ ఒక పూత వేయండి. కింద తెలుపు లేకపోతే పై రంగు చచ్చిపోతుంది.
- ఆరాక మెరిసే నారింజ రెండు పూతలు.
- వెనక చుక్కలను నల్ల మార్కర్‌తో కప్పండి.
- కొత్త జోడుతో రేంజ్‌కు వెళ్లి 7, 15 గజాల దగ్గర యాభై గుండ్లు కాల్చండి. వీలైతే దీపాలు తగ్గించే లేన్ అడగండి.

ఇంతటితోనే సమస్య తీరిపోయిందని చెప్పినవారు నాకు తెలుసు. తీరితే డబ్బు మిగిలింది. సగం తీరితే ఏ రంగు, ఏ వెడల్పు అన్నది తేలింది. ఏమీ మారకపోతే తర్వాతి అంశం చదవండి.

7. రెడ్ డాట్ ఎవరికి?

ఇనుప సైట్లతో, అంటే ఇంతవరకు చెప్పుకున్న ముందు, వెనక సైట్లతో, కన్ను మూడు దూరాలు చూడాలి: వెనక సైటు, ముందు సైటు, లక్ష్యం. చత్వారం వచ్చిన కంటికి అది తీరని కోరిక. రెడ్ డాట్ అంటే స్లైడ్ మీద బిగించే చిన్న గాజు కిటికీ, అందులో వెలిగే చుక్క. దానిలోంచి లక్ష్యాన్నే చూస్తారు, చుక్క దాని మీద తేలుతుంది. దూరపు చూపు జోడుతో బాగా కనిపించేవారికి ఇదే సులువైన దారి. దానికి వేరే పవర్ చేయించుకోనక్కరలేదు.

చిక్కు ఆస్టిగ్మాటిజంతో. చుక్క తోకచుక్కలా, ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది. వెనక్కి ఇచ్చేసే ముందు ఒక పరీక్ష చేయండి. ఖాళీ పిస్టల్‌ను పక్కకు వంచి చూడండి. తోక పిస్టల్‌తో పాటు తిరిగితే లోపం పరికరానిది. తిరగకుండా అదే దిక్కున ఉంటే లోపం కంటిది. ఫోను కెమెరాతో ఫోటో తీసినా తెలిసిపోతుంది.

కంటిదే అయితే వెలుగు తగ్గించండి, సగం తోక పోతుంది. ఆకుపచ్చ చుక్క కొందరికి శుభ్రంగా ఉంటుంది. హోలోసన్ 507సి వంటి వాటిలో 2 ఎంఓఏ చుక్క చుట్టూ 32 ఎంఓఏ వలయం ఉంటుంది (ఎంఓఏ అంటే చుక్క పరిమాణం చెప్పే కోణపు కొలత). చుక్క చెదిరినా వలయం మధ్య గురి దొరుకుతుంది. చుక్క పరిమాణం సుమారు 5, 6 ఎంఓఏ తీసుకోవచ్చు. 6 ఎంఓఏ అంటే 25 గజాల దగ్గర అంగుళంన్నర, ఇనుప సైటు కప్పేదానిలో మూడో వంతు.

స్లైడ్ దానికి తగ్గట్టు కోసి ఉండాలి, బ్యాటరీ తేదీ రాసుకోవాలి, చుక్క పోతే ఆదుకోవడానికి ఎత్తయిన ఇనుప సైట్లు ఉండాలి. చుక్క వెంటనే దొరకాలంటే ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో కొన్ని వారాలు సాధన తప్పదు.

8. అమర్చడం, సరిచూడటం

ముందు సరైన మోడల్ చూసుకోండి. ఒకే కంపెనీ పిస్టళ్లలోనూ సైట్లు ఒకదానివి ఒకదానికి పట్టకపోవచ్చు.

గ్లాక్ ముందు సైటు కింద నుంచి చిన్న మరతో బిగుస్తుంది, దానికి 3/16 అంగుళాల సన్నని పానా కావాలి. మర మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర సడలకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క, అతిగా బిగించవద్దు. వెనక సైటుకు సైట్ పుషర్ (సైటును నెమ్మదిగా పక్కకు నెట్టే పరికరం) వాడాలి. సుత్తితో కొట్టేవారు ఉన్నారు. కానీ లోపల ఉన్నది గాజు గొట్టం, అది ఒకసారి పగిలితే సైటు మార్చడమే. గన్‌స్మిత్‌కు (తుపాకీలు బాగుచేసేవారికి) ఇచ్చే రుసుము దీనికన్నా చౌక.

సరిచూసేటప్పుడు బల్ల మీద ఇసుక సంచి ఆనించి కాల్చండి, చేతి కుదుపు లెక్కలోకి రాకుండా. గుండ్లన్నీ ఒకే వైపు తప్పితేనే సైటును అనుమానించాలి. ఎంత మార్చాలో లెక్క ఇది: తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించాలి. 25 గజాలంటే 900 అంగుళాలు. సైట్ల మధ్య 6 అంగుళాలు ఉండి, గుండు 3 అంగుళాలు కిందపడితే, 3 × 6 ÷ 900 = 0.02 అంగుళం. ముందు సైటు అంత పొట్టిది కావాలి.

9. తరచుగా జరిగే తప్పులు

*చుక్క పెద్ద మసక ముద్దలా ఉంది:* సైటు మార్చకండి, జోడు మార్చండి. మైనస్ 5 ఉన్నవారికి జోడు లేకుండా ఏ ట్రిటియమూ చుక్కలా కనిపించదు.

*రాత్రి లేవగానే జోడు దొరకదు:* పిస్టల్ పెట్టె లోపలే ఒక పాత జోడు పెట్టండి. ఎన్ని సైట్లు మార్చినా ఈ చిన్న పని చేసేంత మేలు జరగదు.

*నైట్ సైట్లు ఉన్నాయి కాబట్టి చీకట్లో కనిపిస్తుంది అనుకోవడం:* వెలిగేది సైటు, ఎదుటి మనిషి కాదు. అర్ధరాత్రి వంటింట్లో అలికిడి చేసింది మంచినీళ్లకు లేచిన మీ అబ్బాయే కావచ్చు. చేతిలో టార్చి లేకుండా నైట్ సైట్లకు అర్థం లేదు. ముందు టార్చి కొనండి, డబ్బు మిగిలితే సైట్లు. ఎవరో చూడటానికి పిస్టల్‌కు బిగించిన దీపం తిప్పకండి, విడి టార్చి వాడండి.

*టార్చి వేశాక ట్రిటియం కనిపించడం లేదు:* కనిపించదు. టార్చి వెలుగులో ముందు సైటు నల్లటి నీడలా నిలుస్తుంది. ఆ నీడతో గురి చూడటం కూడా రేంజ్‌లో సాధన చేయాలి.

10. కొనే రోజు జేబులో ఉండాల్సిన చీటీ

- కంటి నుంచి ముందు సైటుకు: ___ అంగుళాలు
- గురి చూసే కన్ను: కుడి / ఎడమ
- షూటింగ్ జోడు చేతికి వచ్చిందా? (రాకపోతే ఇంటికి వెళ్లండి)
- పాలిష్ పరీక్షలో నచ్చిన రంగు
- పిస్టల్ మోడల్, తరం
- ముందు: ఆకుపచ్చ ట్రిటియం, రంగు వలయం, వెడల్పు ___
- వెనక: నలుపు, వెడల్పు గాడి
- తయారీ తేదీ చూశానా?
- షాపులో దీపం నీడన, గల్లాపెట్టె కింద చీకట్లో పెట్టి చూశానా?

చివరి పని ఒకటి, సైట్లతో సంబంధం లేనిది. రేంజ్‌కు తీసుకువెళ్లే సంచిని ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున, జిప్పు పక్కన, ఒక్క తూటా మిగిలి హైదరాబాద్ విమానాశ్రయంలో స్కానర్‌కు దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కోవాల్సి వస్తుంది. చూపు తక్కువైనవారు సంచిని కంటితో కాదు, బోర్లించి, దులిపి, చేత్తో తడిమి చూసుకోవాలి.